పసుపు బిళ్ల దూడలు

అలగ నీ నెత్తి మీద నువ్వే యేసీసుకుంటావేటి? ఎవరడిగినారు నిన్ను? "తప్పు నాదే దేముడమ్మా, నా చేతులే శుభ్రంగా లేవు, అందుకే ఆ పరీక్ష పోయింది" అంటా మూడేళ్లయినాక నా వాకిట్లోకొచ్చి సెప్తన్నావు. సెప్పినప్పుడు మొకంలో కోపవన్నా ఉండాలి కదా. అదీ లేదు. బడిలో పిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్తన్నావు.

కూకో. కుర్చీ వొద్దు, దాని కాలు ఊగతాది. ఆ మంచం మీద కూకో. ఫేను తిరగదు, కరెంటు పోనాది. పెందుర్తి నిండా అపార్టుమెంట్లు లేపీసినారు గానీ మా వీధికి మాత్రం మజ్జాన్నం కరెంటుండదు.

అప్పుడు కంపెనీలో నిన్ను మేడం అనీదాన్ని. ఇప్పుడు నా గుమ్మంలో ఉన్నావు, నా మజ్జిగ తాగతన్నావు. నువ్వనే అంటాను హేమమ్మా, ఏటీ అనుకోకు. అనుకున్నా నాకేటి.

మళ్లీ ఓపాలి సెప్పు. సోమారం నాడు ఏటి సేత్తావు?

అదా. నువ్విప్పుడు పాఠాలు సెప్పీ కాలేజీ ఫ్రిజ్జులో సోటు సాలట్లేదు, పనికిరాని సీసాలు తీసీమన్నారు, నీయి నువ్వే తీసి పారబోసీత్తావు. "నీ గేదె కడుపులోంచి వచ్చిన పురుగులు కదా, నీకొక మాట చెప్పి పారబొయ్యాలనిపించింది" అంటన్నావు. అబ్బో, ఎంత మర్యాదో. మా వీధి సివర వేపసెట్టు కొట్టీసినప్పుడు కూడా నన్నెవులూ అడగలేదు.

దానికి తోడు కాలేజీలో పిల్లలకి నీ కతే పాఠంగా సెప్తావంట. "నేనొకప్పుడు ఇలా అజాగ్రత్తగా చేసి ఉద్యోగం పోగొట్టుకున్నాను, మీరలా చెయ్యకండి" అని. నవ్వుతా సెప్తన్నావు నాకు ఆ ముక్క. సదువుకున్నోల్లకి ఎన్నుపూస తక్కువని నాకు తెలుసు గానీ, బొత్తిగా లేదనుకోలేదు.

నువ్వు మొట్టమొదట మా ఇంటికొచ్చిన రోజు నీకు గుర్తు లేదేమో, నాకున్నాది.

ఆ వానాకాలం ఈ వీధిలో ఏ ఇంట దూడ కట్టున్నా పారుకుంటన్నాది. అప్పలసూరిదొకటి పోనాది, ఎదురింటోల్లవి రెండు పోనాయి. మా నల్లగేదె దూడకి మాత్రం ఏటీ కాలేదు. ఆ సంగతెవరో సెప్తే ఇని, నువ్వు స్కూటీ యేసుకొని వొచ్చినావు. సేతులకి తొడుగులు, సిన్న సిన్న డబ్బాలు, ఐసు పెట్టి. ఏటి కావాలమ్మా అంటే పేడ కావాలన్నావు. మా ఆయిన గవర్రాజు హార్బర్లో పని సేసొచ్చి అప్పుడే తొంగున్నాడు, లేచి కూకొని అడిగినాడు, "సేపలకి ఐసు పెడతారు గానీ పేడకి పెడతారేటే" అని. నీ ఎదురుగానే అన్నాడు. నువ్వూ నవ్వినావు.

అప్పుడు నువ్వు మంచిదానివనిపించినావు. ఎందుకంటే నాకర్థమయ్యేలాగ సెప్పినావు. కడుపు బస్సు లాంటిదన్నావు. మంచి పురుగులు ముందెక్కి సీట్లలో కూకుంటే ఎదవ పురుగులకి సోటుండదు, దిగిపోతాయి అన్నావు. పెరుగులో ఉండేలాంటివే ఇయ్యీను, దూడ కడుపులో ఉండేవి వేరే అన్నావు. అవి మా గేదె పేడలో ఉన్నాయేమో ఎతుకుతానన్నావు.

ఎనిమిది నెలలు ఎతికినావు. వొచ్చి సెప్పినావు కూడాను, వందల రకాలు తీస్తే కడుపులో పులుపుకీ పసరుకీ సావకుండా నిలబడ్డాది ఒక్కటే అని. దానికి డి నలభయ్యొకటి అని పేరెట్టినావు. డి అంటే ఏటమ్మా అంటే దేముడమ్మ అన్నావు. నాకు సిగ్గేసినాది. మా ఆయినకి సెప్తే వారం రోజులు నన్ను నలభయ్యొకటీ అని పిలిసినాడు.

ఆ పేరు పున్నెమాని నాకు మీ పశువుల మందుల కంపెనీ షెడ్డులో పనొచ్చినాది. దూడల్ని సూసుకోడం, పాలు తాపడం, పేడ ఎత్తడం. సబ్బవరం రోడ్డు మీద రేకుల షెడ్డు.

అక్కడికొచ్చినాక కదా నాకు మనుసులు తెలిసినారు.

ఆ తిరుమలరావు సారున్నాడు సూడు, మేనేజరు. పశువుల డాక్టరు కాడు, పురుగుల డాక్టరు కాడు, అయినా అందరికీ డాక్టరే. కారు షెడ్డు గుమ్మందాకా తెచ్చి, అద్దం నాలుగేల్లు దించి, ముక్కుకి రుమాలెట్టుకొని అడిగీవోడు, "దూడలు ఎలా ఉన్నాయి దేముడమ్మా" అని. దిగితే బూట్లకి పేడంటుకుంటాది. పేడ సుట్టూ యాపారం పెట్టుకున్నోడు పేడంటే అసయ్యించుకుంటాడు. సేపలమ్ముకునే మా అప్పగారు సేపకంపంటే ముక్కు మూసుకోదు మరి.

ఎండీ గారు ఓపాలి వొచ్చినాడు, ఫోటోలోల్లతో. దూడ మెడ మీద సెయ్యేసి నిలబడ్డాడు. దూడకేటి తెలుస్తాది ఎండీ అని, తెల్ల సొక్కా అంతా నాకీసినాది. నవ్వుతానే ఉన్నాడు ఫోటో అయ్యేదాకా. అయినాక నన్ను సూసి, "ఇదేంటి, దూడల్ని కట్టడం కూడా రాదా" అన్నాడు. ఆడి మొకానికి ఆ నాకుడే ఎక్కువ.

పరీక్ష దూడలొచ్చినాయి, గుర్తున్నాయా. అలమండ సంతలోంచి ఇరవై నాలుగు. అన్నీ మగదూడలే. పాలివ్వవని తల్లి దగ్గిర పాలు కూడా తాగనివ్వకుండా అమ్మీసినవి. డొక్కలు లోపలికి పోయి, కల్లు మాత్రం ఇంతింతేసి. లారీ దిగినప్పుడు కొన్నిటికి నిలబడ్డం రాలేదు. ఒక్కొక్కదాన్ని ఎత్తి దింపినాను.

పన్నెండిటి సెవులకి నీలం బిళ్లలు. పన్నెండిటికి పసుపు బిళ్లలు. నీలం దూడలకి నీలం పొట్లాం పాలల్లో కలపాలి, పసుపు దూడలకి పసుపు పొట్లాం. ఒకదాంట్లో మా గేదె పురుగులు, రెండోదాంట్లో ఉత్తి పిండి. ఏ రంగులో ఏటుందో ఎవులికీ తెలీకూడదంట. నీకూ తెలీదంట. కవర్లో రాసి, లక్క యేసి, తిరుమలరావు బీరువాలో పెట్టి తాళమేసినాడు. రెండు నెలలైనాక అందరూ కూకొని యిప్పి సూత్తారంట.

నాకు నవ్వొచ్చినాది హేమమ్మా. నువ్వు అంత గంభీరంగా సెప్తన్నావని నవ్వలేదు.

నాలుగో రోజుకే నాకు తెలిసిపోనాది. లక్కెందుకు, బీరువా ఎందుకు? పొద్దున్న పార పట్టుకొని ఎల్తే, నీలం దూడల ఎనక పేడ ముద్దకట్టి ఉన్నాది. పసుపు దూడల ఎనక నీల్లు. తెల్లగా, పుల్ల కంపు. పేడెత్తీ దానికి సెప్పక్కర్లేదు ఏ దూడకి ఏటెల్తందో. మీరు బీరువాలో దాసినారు, అవి నేల మీద పెట్టీసినాయి.

పదిహేడో నెంబరుది గుర్తుందా నీకు? పసుపు బిళ్లది. నుదిటి మీద తెల్ల సుక్క. లేదు. నీకు దాని బరువు గుర్తుంటాది, సుక్క గుర్తుండదు.

అది వారానికి పడిపోనాది. కల్లు లోపలికెల్లిపోనాయి, తోలు పట్టుకుంటే పట్టుకున్నకాడే ఉండిపోతన్నాది. పశువుల డాక్టరొచ్చి సెలైన్ ఎక్కించినాడు, ఎల్లిపోనాడు. నాను ఉప్పూ బెల్లం నీల్లు గెంటతో తాపినాను. కొంచెం నిలబడీది, మల్లీ పడిపోయీది.

అప్పుడు ముందు ఆ తిరుమలరావుని అడిగినాను. "సారూ, నీలం పొట్లాం దీనికి కూడా ఇద్దుమా" అని. అద్దం కొంచెం దించినాడు. "దేముడమ్మా, నీ పని పేడ. బుర్ర నాకు వదిలేయ్" అన్నాడు. అద్దం ఎక్కించీసినాడు. ఆడంతే, ఆడి మాట నాకేటీ కాలేదు. కుక్క అరిసిందనుకున్నాను.

నీ దగ్గిరికొచ్చినాను.

కుళాయి కాడ డబ్బాలు కడుగుతన్నావు. సెప్పినాను, మేడం, నీలం దాంట్లోనే ఉన్నాయి మన పురుగులు, నాకు తెలిసిపోనాది, పసుపువి సచ్చిపోతన్నాయి, పదిహేడుకి ఒక్క నీలం పొట్లాం ఇద్దుము అని. నువ్వు సెవులు మూసుకున్నావు. నిజంగానే, తడిసేతులతో సెవులు మూసుకున్నావు. "నాకు చెప్పకు దేముడమ్మా, నాకు తెలియకూడదు" అన్నావు. తరవాత సేతులు దించి సెప్పినావు, "కొన్నిటికి ఇవ్వకుండా ఉంచితేనే, మిగతావి బతికింది దీనివల్లే అని తెలుస్తుంది. చచ్చిపోతే అది కూడా పరీక్షలో భాగమే. నీకు అర్థం కాదులే."

నీకు అర్థం కాదులే. డి అంటే దేముడమ్మ అన్న నోటితోనే.

పదకొండో రోజు పొద్దున్న పదిహేడు పోనాది. తల నా ఒళ్లో ఉన్నాది. ఆకరికి కూడా నా ఏలు నోట్లోకి తీసుకొని సీకినాది, పాలనుకొని.

తిరుమలరావు కాయితం మీద ఏటి రాసినాడో తెలుసా? "లారీ ప్రయాణపు అలసట." ముందు పదిహేను రోజులు దూడలు అలవాటు పడ్డానికంట, ఆ రోజులు లెక్కలోకి రావంట. అది ముందే అనుకున్న రూలంట. బాగున్నాది. పదిహేడు బతికినా రూల్లో లేదు, సచ్చినా రూల్లో లేదు. ఆ పదిహేను రోజుల పేడ కూడా రూల్లో లేదు. నీలందీ పసుపుదీ తేడా ఏ గుడ్డోడికైనా కనబడీ రోజులవే, అవే తీసి అవతల పారీసినారు.

ఆ తరవాత ఏటయినాదో నీకు తెలుసు. పసుపు దూడలు తేరుకున్నాయి. నెలయ్యేసరికి గెంతులేసినాయి. రెండు నెలలయ్యేసరికి నీలానికీ పసుపుకీ బరువుల్లో తేడా లేదు. నువ్వు రోజూ తూకం కాడ నిలబడి రాసుకుంటా, మొకం వాడిపోతా ఉంటే సూసినాను.

మీటింగు రోజు టీ పట్టుకొచ్చింది నానే. షెడ్డు పక్క గదిలో, నువ్వు, తిరుమలరావు, ఎండీ. కవరు యిప్పినారు. నీలం అంటే పురుగులు, పసుపు అంటే పిండి. నాలుగో రోజునే నాకు తెలిసింది, రెండు నెలలాగి, లక్క కోసి సదివినారు.

రెండూ ఒకలాగే పెరిగినాయి కాబట్టి పురుగులకి పనితనం లేదు అన్నాడు తిరుమలరావు. అప్పుడు నువ్వు ఇంకో కాయితం తీసినావు. పసుపు దూడల పేడలో కూడా డి నలభయ్యొకటి కనబడతన్నాది, ఎలగొచ్చిందో తెలీటం లేదు, అది తేల్చేదాకా ఆగండి అన్నావు. నిజం సెప్పినావు. ఆ కాయితం తియ్యకపోతే నీకు అంత మాట పడీది కాదు.

తిరుమలరావు ఆ కాయితం సూసి నవ్వినాడు. "పిండి తిన్న దూడల్లో నీ బాక్టీరియా ఉందంటే అర్థమేంటి? నీ ల్యాబ్ అంతా, నీ ఒంటి నిండా అదే అంటుకుని ఉంది. ముప్పై రెండేళ్లొచ్చాయి, చేతులు కడుక్కోవడం కూడా మేమే నేర్పాలా నీకు?" ఎండీ కూడా నవ్వినాడు. ఆడికి అర్థం కాలేదు, అయినా నవ్వినాడు. సెయ్యి సాపి టీ తీసుకున్నాడు.

నువ్వు నీ సేతులు సూసుకున్నావు.

నాను గుమ్మం కాడ ట్రే పట్టుకొని నిలబడి ఉన్నాను. సూత్తన్నాను.

బయటికొచ్చి కుళాయి కింద ఆ సేతులు ఎంతసేపు రుద్దినావో. ఎర్రగా కందిపోయేదాకా. వొచ్చి నన్నడిగినావు, "దేముడమ్మా, ఎక్కడా పొట్లాలు మారిపోలేదు కదా?" అని. నాను మారలేదన్నాను. నువ్వు నమ్మీసినావు. ఇంకో మాట అడగలేదు.

నెలకి నీ ఉద్యోగం పోనాది. షెడ్డు మూసీసినారు, నా పనీ పోనాది. దూడల్ని ఎవులికో తోలీసినారు. నాను ఉక్కునగరం ఎల్లి రెండు క్వార్టర్లలో అంట్లు తోముకుంటన్నాను. నాకేటి, ఈ సేతులకి ఎక్కడైనా పనుంటాది.

తరవాత ఆల్లు ఏటి సేసినారో సూసినావా? ఎక్కడినుంచో పొడి కొన్నారు. సంచీ మీద మెరుపు కాయితం, దాని మీద ఎక్కడో సలిదేశం తెల్లావు బొమ్మ. ఆ ఆవు మన ఎండలో ఓ పూట బతకదు. "పేగుల ఆరోగ్యానికి కోట్ల జీవకణాలు" అని రాసినారు, నీలిమ సదివి సెప్పినాది, మా తమ్ముడి కూతురు. ఆ సంచీలు ఎక్కడ పేర్సినారో తెలుసా? మల్కాపురంలో రేకుల గొడౌన్లో. మా గవర్రాజు కొన్నాల్లు అక్కడ మూటలు మోసినాడు. లోపలికెల్తే ఒంటి మీద నీల్లు పోసినట్టు సెమట కారిపోద్ది అనీవోడు. నువ్వే కదా సెప్పినావు నాకు, ఏడి తగిల్తే పురుగులు సచ్చిపోతాయి, అందుకే ఐసు పెట్టి మోత్తన్నానని. మరి ఆ కోట్ల జీవకణాలు రేకుల కింద మే నెలలో ఏటి సేత్తాయి, ఇసనకర్ర ఊపుకుంటాయా?

అప్పలసూరి ఆ సంచీ తెచ్చి తన దూడకి పెట్టినాడు. ఏటీ కాలేదు. మంచీ కాలేదు, సెడ్డా కాలేదు. సచ్చిన పురుగుల బూడిద తినిపించినాడు. అయినా మల్లీ కొంటాడు. సంచీ మీద బొమ్మ బాగున్నాదంట.

అదీ ఆల్ల గొప్ప. బతికున్న పురుగుల్నొగ్గీసి సచ్చినవాటిని అమ్ముకుంటన్నారు. బతికున్నదాన్నేమో నువ్వు సోమారం నాడు సింకులో పోసీత్తావు. ఆల్లకీ నీకూ ఏటి తేడా? ఆల్లు ఎదవలు. నువ్వు మంచిదానివి. రెండు దార్లూ సింకు కాడికే ఎల్లినాయి.

ఎందుకలగ సూత్తావు? తిట్టీసినానని కోపమొచ్చిందా? రానీ. కొంచెం రావాలి నీకు.

ఇప్పుడు నన్నొకటి అడుగు. కాదు, నానే నిన్ను అడుగుతాను. పదిహేడు పోయినాక పసుపు దూడలు ఎలగ తేరుకున్నాయి? పన్నెండిట్లో ఒకటి పోనాది, ఇంకో నాలుగు దాని దారినే ఉన్నాయి. ఉత్తి పిండి తిని, వారం తిరక్కుండా ముద్దపేడ ఎలగేసినాయి? ఎండీకి తెలీదు, మేనేజరు కారు దిగడు. నువ్వు పేడని డబ్బాలో పెట్టి, గాజు పలకల మీద పెంచి, దుర్బినీలో సూసినావు. దూడని సూడలేదు. దూడల్ని సూసీ మనిసిని అడగలేదు. "మారలేదు కదా" అన్నావు, అంతే.

మారలేదన్నాను. అది అబద్దం కాదు. మారలేదు. కలిసినాయి.

ఇను. పదిహేడుని గోతిలో పెట్టొచ్చిన రోజు సాయంత్రం పాలు తాపీ యేళయినాది. నీలం పొట్లాలు పన్నెండు, పసుపువి పదకొండు. అన్నీ యిప్పి ఒక్క బకెట్లోనే పోసీసినాను. సెయ్యి పెట్టి కలిపినాను. ఇరవై మూడు దూడలకీ పంచీసినాను. ఆ రోజు మొదలెట్టి, పొద్దునా సాయంత్రం, రెండు నెలలూ నిండేదాకా.

కాళీ పొట్లాలు మాత్రం నీలవి నీలం డబ్బాలో, పసుపువి పసుపు డబ్బాలో యేసీదాన్ని. తిరుమలరావు కాళీ పొట్లాలు సూసుకొని ఎల్లిపోయీవోడు. ఆడికి పొట్లాలు సరిపోతే లోకమంతా సరిపోయినట్టే.

కాబట్టి నీ సేతులకేటీ కాలేదు హేమమ్మా. నీ సేతులు శుబ్బరంగానే ఉన్నాయి. పసుపు దూడల పేడలో నీకు కనబడ్డాయి సూడు, అవి నిజంగానే అక్కడున్నాయి. నానే పెట్టినాను. నువ్వు సరిగ్గా సూసినావు, సరిగ్గా రాసినావు, ఆ గదిలో నిజం సెప్పింది నువ్వొక్కదానివే.

మజ్జిగ గ్లాసు కింద పెట్టీ.

ఎందుకు సెప్పలేదు అంటావు. ఉద్యోగం పోద్దని భయపడ్డాననుకుంటన్నావేటి? అలగనుకుంటే నీకు బాగుంటాది, బీదముండ, భయపడ్డాది అని జాలిపడొచ్చు. భయం కాదు. ఆ ఉద్యోగం ఎలగూ పోనాది.

సెప్తాను. ఆల్లు నిన్ను అంత మాటన్నప్పుడు, నువ్వు నీ సేతులు సూసుకున్నప్పుడు, నాకు సల్లగా అనిపించినాది. ఇక్కడ, గుండెల్లో, సల్లగా. "నీకు అర్థం కాదులే" అన్నావు కదా, ఇప్పుడు సూడు, నీకే అర్థం కావట్లేదు, నాకొక్కదానికే అర్థమైనాది అనుకున్నాను. ఎండీకి తెలీదు, మేనేజరుకి తెలీదు, అంత సదువు సదివిన దానికి తెలీదు, పేడెత్తీ దేముడమ్మకి తెలుసు. ట్రే పట్టుకొని రాణీలాగ నిలబడ్డాను.

అప్పటిదాకా ఆల్లని అసయ్యించుకున్నాను కదా, ఆ కారోడినీ, ఆ ఫోటోలోడినీ. ఆ పూట నాను ఆల్లకన్నా ఏటి మంచిదాన్ని? ఆల్లు తెలీక నవ్వినారు. నాను తెలిసి నోరు మూసుకున్నాను.

తరవాత ఎల్లి సెప్దామనుకున్నాను. నువ్వు కుళాయి కాడ సేతులు రుద్దుకున్నప్పుడే సెప్దామనుకున్నాను. రేపు సెప్దాం అనుకున్నాను. షెడ్డు మూసీసినారు. నువ్వు ఎక్కడున్నావో తెలీదనుకున్నాను. తెలుసు. నువ్వు ఆ కాలేజీ బస్సు దిగడం రెండుసార్లు సూసినాను ఎన్‌ఏడీ జంక్షన్ కాడ. పక్కకి తిరిగి కూరగాయలు బేరమాడినాను.

నువ్వు ఈవేళ తిట్టడానికొచ్చుంటే సెప్పీదాన్ని కాదు. నిలబడి కొట్లాడీదాన్ని. నువ్వేమో నా తప్పు మోసుకొని, నాకే సెప్పి పారబొయ్యడానికొచ్చినావు. ఎవరు నేర్పినారమ్మా నీకు ఈ బుద్ది.

ఏటి? సగం సగమే కదా అంటావా? అదే అడుగుతన్నావా ముందు?

సగమే. ఒక్కో దూడకి సగం పొట్లామే ఎల్లినాది. ఆ సగానికే అన్నీ తేరుకున్నాయి. ఓహో. సగం మందుకే నిలబడ్డాయంటే అది ఇంకా గట్టిదని అర్థమా? ఆ కాయితాలన్నీ తిరగేసి సదవాలంటావు. సదువుకో. నన్ను తిడతావనుకుంటే మొకంలో ఎలుగొచ్చినాది నీకు. మీ సదువుకున్నోల్లని నాను ఈ జన్మలో అర్థం సేసుకోలేను.

సరే, రాసుకో. ఏ రోజు మొదలెట్టినానో రాయి, పన్నెండో రోజు కాదు, పదకొండో రోజు సాయంత్రం. పూటకి ఎన్ని పొట్లాలో రాయి. కాళీవి ఏ డబ్బాలో యేసినానో రాయి. కింద సంతకం పెడతాను. ఏలిముద్రకి సిరా ఎతక్కు, నాకు సంతకం వొచ్చును. తిరుమలరావుకి సూపించు, ఎండీకి సూపించు, మీ కాలేజీ పెద్దాయినకి సూపించు. నన్ను పిలిస్తే వత్తాను, ఆల్ల ముందు ఇదే సెప్తాను. సీసాలు మాత్రం పారబొయ్యకు.

మల్లీ దూడల్ని కట్టాలి కదా నువ్వు. కడతావు. మల్లీ సగానికి ఇయ్యకుండా ఉంచుతావు. ఉంచకపోతే తెలీదు, నిజమే. పదిహేడులాంటివి కొన్ని పోతేనే, ఆ తరవాత ఎన్నో ఊర్లలో ఎన్నో దూడలు బతుకుతాయి. అది నాకు కుళాయి కాడ నువ్వు సెప్పినప్పుడే అర్థమైనాది. అర్థం కాక సేసిన పని కాదు అది.

కాబట్టి ఆ షెడ్డుకి ఎవరినైనా పెట్టుకో. సెప్పింది సేసీ మనిసిని పెట్టుకో. నన్ను మాత్రం పిలవకు. దూడ నా కల్లముందు పారుకుంటా ఉంటే, మందు పొట్లాం నా సేతిలో ఉంటే, నాను మల్లీ కలిపీత్తాను.